దస్తావేజులో లేని పేరు

బ్యాంకులో ఇళ్ళ రుణాల బల్ల దగ్గర కూర్చున్న ఏళ్ళలో నేను చదివిన కథలు తక్కువ, చదివిన దస్తావేజులు ఎక్కువ. హోసూరులో తమిళ పత్రాలు, బళ్ళారిలో కన్నడ పత్రాలు, బరంపురంలో ఒడియా పత్రాలు. బదిలీ ఎక్కడికైతే అక్కడి లిపి. చదవరాని చోట వకీలు రాసిచ్చిన ఇంగ్లీషు సారాంశాన్ని పక్కన పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. లిపి ఏదైనా క్రయపత్రం నడక ఒక్కటే. అమ్మేవాడి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. కొనేవాడివి కూడా అవే. సర్వే నంబరు, నాలుగు హద్దులు, ధర, ముట్టిన విధం. కింద ఇద్దరు సాక్షులు. పత్రం రాసిన లేఖరి పేరు, అతని లైసెన్సు నంబరు. సబ్ రిజిస్ట్రారు ముద్ర. స్టాంపు కాగితం వెనక్కి తిప్పితే దాన్ని అమ్మిన వెండరు పేరు కూడా ఉంటుంది.

లేనిదల్లా ఒక్క పేరు. స్థలం చూపించినవాడు, ధర మాట్లాడినవాడు, అడ్వాన్సు ఇప్పించినవాడు, రిజిస్ట్రేషన్ నాడు రెండు వైపులవారికీ కాఫీ తెప్పించి సాయంత్రానికి రెండు వైపులా కమీషన్ తీసుకున్నవాడు. ఆ దళారి పేరు పత్రంలో ఎక్కడా కనబడదు. బేరం మొదటినుంచి చివరివరకు నడిపినవాడికి కాగితం మీద చోటు లేదు.

ఈ సంగతి నాకు పట్టింపుగా మారింది మా చిన్నమ్మ పొలం అమ్మిన తర్వాత. చిన్నమ్మది హోసూరు దగ్గర పల్లె. చదువుకున్నది తెలుగు బడిలో. తమిళం మాట్లాడుతుంది కానీ చదవలేదు. చిన్నాయన పోయాక, 2006లో, కూతురి పెళ్ళికని రెండెకరాల మెట్ట బేరానికి పెట్టింది. బెంగుళూరు పెరిగి పెరిగి హోసూరు పొలిమేరలకు వచ్చిన కాలమది. బేరం తెచ్చినవాడు మాకు ఎరిగినవాడే. మా ఇంట్లో భోంచేసినవాడు, చిన్నమ్మను ‘అక్కా’ అని పిలిచినవాడు. ఎకరా 6 లక్షలన్నాడు. పూర్తి సొమ్ము ముట్టినట్టు ఒప్పందం, దానికి తోడు ఒక జనరల్ పవర్ రాయించాడు. రెండూ తన బావమరిది పేరున. తన కమీషన్ 24,000 నగదుగా తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండా ఆ పవరు మీదే ఆ భూమి ఎకరా 14 లక్షల చొప్పున వేరేవారికి రిజిస్టరయింది. విల్లంగం తీయించి, నకలు చదివి చెప్పింది నేనే.

వకీలు దగ్గరికి వెళితే ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. “ఆయన మీ ఏజెంటు అనడానికి కాగితం ఏదైనా ఉందా? కమీషన్‌కు రసీదు ఉందా?” రెండూ లేవు. దారిలో చిన్నమ్మ, “మనోడే కదప్పా అనుకుంటిని. మన మాటే మాట్లాడతాడు కదా” అంది. ఆ మాట నన్ను వదల్లేదు. ఈ మధ్యవర్తి ఎవరు, అతని బాధ్యత ఏమిటి, అతని పేరు కాగితంలోంచి ఎలా జారిపోయింది అని వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. నేను చరిత్రకారుణ్ణి కాను, బీకాం చదివినవాణ్ణి. దొరికిన మేరకు లెక్క చెబుతున్నాను.

దారి చూపేవాడు

ముందు మాట సంగతి. దళారి అన్న మాటకు మూలం అరబ్బీలోని ‘దల్లాల్’. దారి చూపేవాడని దాని అర్థం. కన్నడంలో దల్లాళి, మరాఠీలో, ఒడియాలో దలాల్. బొంబాయిలో షేర్ల బజారు ఉన్న వీధి పేరు కూడా దలాల్ స్ట్రీటే. తమిళంలో తరగర్ అంటారు. ఆయన పుచ్చుకునేది తరగు. మన దక్షిణాది తెలుగువాళ్ళ నోట ఈ తరగు ఇంకా బతికే ఉంది. వీటిలో ఏదీ పుట్టుకతో చెడ్డ మాట కాదు. ఈనాడు దళారి అంటే తిట్టు. అందుకే ఆ పని చేసేవారు ఏజెంటు, కన్సల్టెంటు, రియల్టర్ అని బోర్డులు రాయించుకుంటున్నారు. మాట చెడిందంటే దాని వెనక ఏదో నమ్మకం చెడిందని అర్థం.

పట్నాల చరిత్రలో ఈ మధ్యవర్తికి పెద్ద పీటే ఉంది. చెన్నపట్నం పుట్టుకే చూడండి. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే సముద్రపు ఒడ్డున ఇసుకదిబ్బ కోసం బేరమాడింది దామెర్ల వెంకటాద్రి నాయకుడితో, అంటే ఒక తెలుగు పాలకుడితో. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వచ్చింది. డే అంతకుముందు పనిచేసింది నెల్లూరు తీరంలోని ఆర్మగాన్‌లో, అంటే మన దుగరాజపట్నంలో. ఆ రోజుల్లో ఇంగ్లీషువారికీ నాయకులకూ మధ్య మాట నడిపిన దుబాసీగా బేరి తిమ్మప్ప పేరు మద్రాసు చరిత్రల్లో కనిపిస్తుంది. అది నేటి అర్థంలో అమ్మకం కాదు, కోట కట్టుకుని వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి. అయినా రెండు భాషల మధ్య నిలబడి నేల బేరం కుదిర్చినవాడు అక్కడున్నాడు. దుబాసీ అంటే ద్విభాషి, రెండు భాషలు తెలిసినవాడు. ఇల్లు అమ్ముకునే తెలుగువాడికీ తమిళ పత్రానికీ మధ్య నేడు నిలబడేవాడు చేసేదీ అదే పని.

రెండు భాషలు తెలిసినవాడి చేతిలో రెండు పక్షాల గుట్టూ ఉంటుంది. దాన్ని ఎటు వాడతాడన్నదే ప్రశ్న. నూటయాభై ఏళ్ళ తర్వాత అదే మద్రాసులో, గవర్నరు పదవి చేసిన హాలండ్ సోదరుల దగ్గర దుబాసీగా ఉన్న అవధానం పాపయ్య అనే తెలుగువాడు, హాలిబర్టన్ అనే కంపెనీ ఉద్యోగి మీద కుట్ర పన్నాడన్న కేసులో 1792లో విచారణకు నిలబడ్డాడు. చూళై ప్రాంతంలో ఆయన పేరిట వీధి ఈనాటికీ ఉంది. దుబాసీ మంచివాడా చెడ్డవాడా అన్నది అటుంచితే, ఆ కాలంలో ఆయన పేరు అందరికీ తెలిసి ఉండేది. తప్పు చేస్తే పిలిచి బోనులో నిలబెట్టడానికి ఒక పేరుండేది.

పల్లెల్లో లెక్క వేరు. పాత రాగిరేకుల శాసనాల్లో దానమిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, హద్దులు మాత్రమే కాదు, శాసనం కూర్చినవాడి పేరు, చెక్కినవాడి పేరు కూడా చాలాచోట్ల ఉంటుంది. తర్వాతి రోజుల్లో ఊళ్ళో భూమి చేతులు మారితే నడుమ నిలిచేది పెద్దమనుషులు, హద్దులు చెప్పేది కరణం. కుదిర్చిన పెద్దమనిషికి దక్కేది ఒక పూట భోజనమో, ఒక పంచెల చాపో. ఆయన సాక్షి సంతకం పెట్టేవాడు. తేడా వస్తే మరునాడు రచ్చబండ దగ్గర జవాబు చెప్పాల్సింది ఆయనే. ఇదంతా స్వర్ణయుగమని నేననను. కరణం కలం పోటుకు భూములు పోగొట్టుకున్న పేదల కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కానీ మధ్యవర్తికి ముఖం ఉండేది, ఆ ముఖం ఆ ఊళ్ళోనే ఉండేది.

ఆ ఏర్పాటు మన కళ్ళ ముందే పోయింది. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్యపు గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. రద్దు కావలసినవే. కానీ ఏ గట్టు ఎవరిదో నోటి మీద చెప్పగలిగిన మనిషి కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీలోకి మెల్లగా దళారి వచ్చి కూర్చున్నాడు. నేను చూసిన ఏజెంట్లలో కొందరు పాత కరణాల బిడ్డలే. తండ్రి బుర్రలోని భూమి పటం కొడుక్కి పెట్టుబడి అయింది.

చట్టం ఎప్పుడో రాసిపెట్టింది

దళారికి బాధ్యతలే లేవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దేశానికంతటికీ వర్తించే రిజిస్ట్రేషన్ చట్టం మొదట 1864లో వచ్చి, మార్పులు పొందుతూ 1908లో ఇప్పటి రూపానికి చేరింది. కాంట్రాక్టు చట్టం 1872లో, ఆస్తి బదిలీ చట్టం 1882లో వచ్చాయి. కాంట్రాక్టు చట్టంలో పదో అధ్యాయం మొత్తం, 182 నుంచి 238 దాకా సెక్షన్లు, ఏజెంటు గురించే. బీకాంలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ సెక్షన్లు చిన్నమ్మ వ్యవహారం తర్వాత మళ్ళీ తీసి చదివాను.

ఏజెంటు తగిన నేర్పుతో, శ్రద్ధతో పని చేయాలంటుంది 212. అడిగితే లెక్క చెప్పాలంటుంది 213. యజమానికి తెలియకుండా ఏజెంటు తన కోసమే ఆ వ్యవహారం చేసుకుంటే, అందులో వచ్చిన లాభం యజమాని అడిగి తీసుకోవచ్చంటుంది 216. చిన్నమ్మ కేసు అచ్చంగా ఇదే. తప్పుగా నడిపిన పనికి కమీషన్ రాదంటుంది 220. అన్నింటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది 229. పని సందర్భంలో ఏజెంటుకు తెలిసిన విషయం యజమానికి తెలిసినట్టే లెక్క. మీ తరఫు దళారికి ఆ ఇంటి మీద దావా ఉందని తెలిసి మీకు చెప్పకపోతే, ‘నాకు తెలియదు’ అన్న మీ మాటకు బలం తగ్గిపోతుంది.

ఇక ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్, తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది. అంటే నూటయాభై ఏళ్ళుగా బాధ్యత చట్టంలో ఉంది. లేనిది ‘ఇతను నా ఏజెంటు’ అన్న రుజువు. చట్టం తలుపు తీసే పెట్టింది, తాళం చెవి మాత్రం మనం రాసుకోవలసిన కాగితం.

ఇంకో మాట. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే ప్రభుత్వం హక్కుకు హామీ ఇచ్చినట్టు కాదు. ఫలానావారు ఫలానావారికి ఈ పత్రం రాసిచ్చారని నమోదు చేసినట్టు, అంతే. అమ్మినవాడికి అసలు హక్కుందా లేదా అన్నది కొనేవాడే తేల్చుకోవాలి. మూలపత్రాలు, పట్టా, ఖాతా, విల్లంగం, వారసుల వివరం అన్నీ చూసుకోవాలి. ఈ పని సామాన్యుడికి చేతకాదు. ఆ ఖాళీలోనే దళారి బతుకుతున్నాడు.

పట్నం పెరిగిన తీరు

బెంగుళూరులో 1898 ప్లేగు తర్వాత బసవనగుడి, మల్లేశ్వరం వేశారు. మద్రాసులో 1920లలో మాంబళం పక్కన త్యాగరాయనగర్ మొదలైంది. అవి సర్కారు గీసిన వీధులు, సర్కారు కేటాయించిన స్థలాలు. అలాంటి చోట హద్దుల తగాదా తక్కువ, దళారికి పనీ తక్కువే. జనం పెరిగి సర్కారు స్థలాలు చాలకపోయాక కథ మారింది. 1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. ఖాళీ స్థలాల మీద ఆంక్షలు పడగానే నేరుగా రిజిస్టరు చేయలేని బేరాలు ఒప్పందం, పవరు, వీలునామా అనే మూడు కాగితాల చాటున నడిచాయి. ఆ మూడు కాగితాల విద్య దళారికి బాగా అబ్బింది. కేంద్రం ఆ చట్టాన్ని 1999లో ఎత్తివేసింది. మహారాష్ట్ర 2007లో, ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును అనుసరించాయి. చట్టం పోయినా అలవాటు పోలేదు. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో, ఇలాంటి పవరు కాగితాలతో ఆస్తి హక్కు బదిలీ కాదని, రిజిస్టరయిన క్రయపత్రమే కావాలని తేల్చి చెప్పింది.

తమిళనాడులో అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు అమ్ముడై, అమ్ముడై, చివరికి 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు వాటి రిజిస్ట్రేషన్లను నిలిపింది. 2017లో క్రమబద్ధీకరణ నియమాలు వచ్చేదాకా ఎన్నో కుటుంబాలు పెళ్ళి ఖర్చులకు దాచుకున్న ప్లాటును అమ్ముకోలేక బ్యాంకు గుమ్మం ఎక్కాయి. “అప్రూవ్డ్ అన్నాడు సార్” అనేవారు. ఎవరన్నారు అంటే ఊరిపేరుతో ఒక ఏజెంటు, ఎప్పుడో మారిపోయిన ఫోను నంబరు. అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

అందరూ అలాంటివారే అంటే పాపం. బళ్ళారిలో నేనెరిగిన ఒక ఏజెంటు, చేతికందిన బేరాన్ని తానే ఆపేశాడు. అమ్మేవారు ముగ్గురు అన్నదమ్ములు. పత్రాలన్నీ బాగున్నాయి, మా వకీలూ సరే అన్నాడు. ఈయన మాత్రం, “ఆ ఇంటి ఆడపడుచు హొసపేటలో ఉంది సార్, ఆమె సంతకం లేకుండా నేను చేయించను” అన్నాడు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, తమిళనాడులో 1989లో, కర్ణాటకలో, మహారాష్ట్రలో 1994లో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చిన ఇన్నేళ్ళకు కూడా అన్నదమ్ములు ఆ పేరు వంశవృక్షంలో రాయించలేదు. కాగితంలో లేని మనిషిని గుర్తు చేసింది, కాగితంలో తానూ లేని మనిషి. ఆ బేరం మూడు నెలలు ఆలస్యంగా, నాలుగు సంతకాలతో జరిగింది. పెళ్ళిళ్ళ పేరయ్య రెండు వైపులా అబద్ధాలాడినా సంసారం నిలబడొచ్చు. ఇంటి బేరంలో ఒక్క నిజం దాగినా ఆ ఇంట్లో నిద్ర పట్టదు.

పేరు మళ్ళీ కాగితంలోకి

2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టం వచ్చింది. రేరా అంటున్నాం. అది 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. ఇది బిల్డర్ల చట్టమని అందరికీ తెలుసు. ఏజెంట్ల చట్టం కూడా అని తెలిసినవారు తక్కువ. బ్రోకరు, డీలరు, మధ్యవర్తి, ఏ పేరుతో పిలిచినా సరే, ప్రతిఫలం తీసుకుని బేరం కుదిర్చేవాడు ఏజెంటే అని నిర్వచించింది. 9వ సెక్షన్ ప్రకారం అతను రిజిస్టరు చేసుకోవాలి. ఒక నంబరు ఇస్తారు, తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు చెప్పాలి. ప్రాజెక్టు నమోదు చేసేటప్పుడు బిల్డరు తన ఏజెంట్ల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. 10వ సెక్షన్ ఏజెంటు బాధ్యతలు చెబుతుంది. నమోదు కాని ప్రాజెక్టులో అమ్మించకూడదు. లెక్కల పుస్తకాలు ఉంచాలి. నోటితో గాని, రాతతో గాని తప్పుడు మాట చెప్పకూడదు. బుకింగు నాడు కొనేవాడికి అందవలసిన పత్రాలు, వివరాలు అందేలా చూడాలి. తప్పితే 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఆస్తి ఖరీదులో 5 శాతం వరకు. మహారాష్ట్రలో 2023లో ఇంకో అడుగు వేసి, ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేశారు. షోలాపూరు, బొంబాయి తెలుగువారు ఇది గుర్తుంచుకోవాలి.

నాకు నచ్చింది జరిమానా కాదు, ఆ నంబరు. ఇన్నాళ్ళకు మధ్యవర్తి పేరు మళ్ళీ కాగితంలోకి వచ్చింది.

కానీ పూర్తిగా రాలేదు. ఈ నిబంధన రేరాలో నమోదయ్యే ప్రాజెక్టులకే. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి గాని, ఎనిమిది ఇళ్ళు మించని కట్టడానికి గాని ఆ నమోదు అక్కర్లేదు. తాతల నాటి పెంకుటిల్లు, ఊరి చివర మెట్ట, నాన్న కొన్న పాత ప్లాటు వంటివి చేతులు మారేటప్పుడు నడుమ నిలిచేవాడికి నంబరు లేదు. మన పత్రిక చదివే కుటుంబాల్లో జరిగే బేరాలు ఎక్కువగా ఇవే. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలిన ముసలివారు తెలుగు చదువుతారు, పత్రం మరో భాషలో ఉంటుంది. 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న గంజాం వారికి, 1953 దాకా ఉన్న బళ్ళారి వారికి, తాత చదివిన పత్రాన్ని మనవడు చదవలేని స్థితి కొత్త కాదు. అలాంటప్పుడు మన భాషలో పలకరించినవాడి మీద నమ్మకం పొంగుకొస్తుంది. భాష కలిసినంత మాత్రాన పక్షం కలిసినట్టు కాదని మా చిన్నమ్మ 16 లక్షలు పోగొట్టుకుని నేర్చుకుంది.

చట్టం రాయించని చోట మనమే రాయించుకోవచ్చు. పోయిన సంవత్సరం చిన్నమ్మ కూతురు, నా చెల్లెలు, హోసూరులో తన ఇల్లు అమ్మింది. ఏజెంటు యువకుడు, మర్యాదస్థుడు. నేనొక పేజీ రాసి ముందు పెట్టాను, పైన తెలుగు, కింద తమిళం. ఆయన మా తరఫు ఏజెంటు. కొనేవారి దగ్గర కూడా కమీషన్ తీసుకుంటే ఆ సంగతి మాకు చెప్పాలి. పత్రంలో రాసే ధరే అసలు ధర. ఆయన గాని, ఆయన బంధువులు గాని కొనుగోలుదారులు కారు. కమీషన్ ఇంత, రిజిస్ట్రేషన్ అయిన రోజున బ్యాంకు ద్వారా ఇస్తాం. అడ్వాన్సు కూడా బ్యాంకు ద్వారానే వచ్చింది. 2015 జూన్ నుంచి స్థిరాస్తి బేరంలో 20,000, అంతకు మించిన అడ్వాన్సు నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం పెట్టిన నియమం.

ఆ అబ్బాయి రెండుసార్లు చదివాడు. “ఇంతవరకు ఎవరూ ఇట్ల అడగలేదు సార్” అన్నాడు. కోపంగా అనలేదు. కాసేపాగి, “నాకూ మంచిదే. కొందరు పనయినాక కమీషన్ ఎగ్గొడతారు” అని కలం కోసం జేబు తడుముకున్నాడు.

సంతకమయ్యాక చిన్నమ్మ ఆ కాగితం పైకి చదవమంది. చదివాను. “ఆయప్ప పేరు రాసింది యాడ?” అంది. చూపించాను. కళ్ళజోడు తెప్పించుకుని, ఆ తెలుగు అక్షరాలు తానే వేలు పెట్టి మెల్లగా చదువుకుంది.